కైలాసం సేటు వేయించిన బ్రేకర్

మా ఆయనకు తెలివి లేదని నేనెప్పుడూ అనలేదు. ఉంది. మస్తుగా ఉంది. కాకపోతే అది దుకాణం గడప దాటి బయటికి రాదు. పాతబస్తీ శాలిబండలో మా మామగారి కాలం నుంచీ నడుస్తున్న స్టీలు సామాన్ల దుకాణం మాది. కింద దుకాణం, పైన ఇల్లు. పొద్దున్నే షట్టర్ ఎత్తి, బకెట్లూ బిందెలూ గొలుసులకు వేలాడదీసి గల్లా పెట్టె ముందు కూర్చున్నాడంటే కైలాసం సేటుకు ఇక లోకంతో పని లేదు. రోడ్డు మీద పోయే ప్రతి మనిషీ ఆయన దృష్టిలో ఇంకా లోపలికి రాని గిరాకీయే.

ఆ రోడ్డు సంగతే చెప్పాలి. రోడ్డని గొప్పకు అంటాం గానీ అది గల్లీ. మాకు ఎదురు వరసలో, కొంచెం ముందుకు పోతే పిల్లల బడి. బడి గేటును ఆనుకుని అజ్మత్ భాయ్ చెప్పుల దుకాణం. మా స్రవ్య ఆ బడిలోనే ఐదో తరగతి. గల్లీలో తోపుడుబండ్లు, ఒకటీ అరా స్కూటర్లు తప్ప ఏమీ తిరిగేవి కావు కనుక బ్యాగు తగిలించుకుని ఒక్కతే దాటి పోయేది. నేను బాల్కనీలో బట్టలు ఆరేస్తూ ఒక కన్ను దాని మీద వేసి ఉంచేదాన్ని.

డ్రైనేజీ పైపులు వేస్తామని పెద్ద రోడ్డు తవ్వారు. తవ్విన పుణ్యాత్ములు అక్కడొక రేకు బోర్డు పెట్టి, దాని మీది బాణం గుర్తును మా గల్లీ వైపు తిప్పి చక్కా పోయారు. ఇంకేముంది! షేరింగ్ ఆటోలు, స్కూటర్లు, నీళ్ళ ట్యాంకర్లు, అన్నీ మా దుకాణం ముందు నుంచి బడి గేటు వైపు ఒకటే పరుగు. గుంతల్లో పడి లేచి విసిగిపోయి వచ్చినవాళ్ళకు మా గల్లీలోని నున్నటి సిమెంటు రోడ్డు కనబడగానే ప్రాణం లేచొచ్చేది. చెయ్యి దానంతటదే యాక్సిలరేటర్ తిప్పేది.

నేను స్రవ్యను చెయ్యి పట్టుకుని దాటించబోయాను. అది మూతి ముడుచుకుంది.

“అమ్మా, నేనేమన్న ఎల్కేజీ పిల్లనా? దోస్తులు నవ్వుతున్నరు.”

చెయ్యి విదిలించుకుని ముందు నడిచేది. నేను దొంగలా వెనక నడిచేదాన్ని. అది గేటు లోపలికి పోయి కనబడకుండా అయ్యేదాకా నా గుండె నా దగ్గర ఉండేది కాదు. ఇంటికి వచ్చాక కూడా ఎక్కడ గట్టిగా బ్రేకు చప్పుడు వినబడినా పొయ్యి ఆపి బాల్కనీలోకి పరుగెత్తేదాన్ని.

అప్పుడు హెడ్మిస్ట్రెస్ మైథిలి టీచర్ మా దుకాణానికి వచ్చింది. ఆవిడది గుంటూరు వైపు. భర్తది ఇక్కడ ప్రభుత్వోద్యోగం, కాపురం సంతోష్‌నగర్‌లో. మెత్తటి మనిషి. తిట్టాలన్నా చివర ‘అండీ’ తగిలించి తిడుతుంది.

“కైలాసం గారూ, గేటు దగ్గర స్పీడ్ బ్రేకర్ వేయించమని ఆఫీసుల చుట్టూ తిరిగి చెప్పులరిగిపోయాయండీ. రోడ్డు పని అయ్యాక చూద్దామంటున్నారు. అయ్యేలోపు ఏ పిల్లకైనా ఏమన్నా అయితే ఎవరండీ జవాబుదారు? పైపుల పని చూసే మేస్త్రీ బీరయ్య మంచివాడు. మిగిలిన కాంక్రీటుతో పోసిపెడతానన్నాడు. దుకాణాలవాళ్ళు మీరంతా అభ్యంతరం లేదంటే చాలండీ.”

మా ఆయన గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. “గింత దానికి మీరు గింతగనం అడగాల్నా టీచరమ్మా! నా బిడ్డ గూడ ఆ గేటుకెళ్ళే పోతది. ఫికర్ చెయ్యకుండ్రి. నేను జూసుకుంట.”

అబద్ధమెందుకు, ఆ క్షణాన మా ఆయన నాకు భలే ముచ్చటగా కనిపించాడు.

సాయంత్రం దుకాణాలవాళ్ళంతా మా దగ్గరే చేరారు. నేను చాయ్ పెట్టి పంపాను. పిల్లల విషయం కదా, అందరూ ఒక్క మాటగా సరే అన్నారు. అంతటితో లేచి పోతే ఎంత బాగుండేది! అజ్మత్ భాయ్ ఊరుకున్నాడా? సాసర్‌లో చాయ్ పోసుకుంటూ నవ్వాడు.

“మంచిదే భాయ్. బ్రేకర్ నా దుకాణం ముందల్నే వస్తది. బండి స్లో అయితే మనిషి అటూ ఇటూ చూస్తడు. చూస్తే నా చెప్పులు కనబడ్తయి. అల్లా దేతా హై!”

మా ఆయన చాయ్ గ్లాసు మూతి దాకా పోయి ఆగిపోయింది. పెళ్ళైనప్పటి నుంచీ చూస్తున్నాను, ఆ ముఖం నాకు తెలియదా? అజ్మత్ భాయ్, ఈయనా చిన్నప్పటి నుంచి జిగ్రీ దోస్తులు. ఒకరింట్లో పెళ్ళయితే ఇంకొకరు వడ్డించేంత దోస్తానా. కానీ ఒకరికి గిరాకీ ఎక్కువైతే ఇంకొకరికి ఆ పూట అన్నం సహించదు.

మ్యాచింగ్ సెంటర్ ఆయన గొంతు సవరించుకున్నాడు. “గట్లయితే నా దుకాణం ముందల గూడ ఒకటి పోయించుండ్రి.” పక్కనే గాజుల దుకాణం ఆయన, “నేనేం పాపం చేసిన?” అన్నాడు. లొల్లి మొదలైంది. నేను మెట్ల మీంచే కేకేశాను.

“ఇగ గల్లీ మొత్తం బ్రేకరే పోసుకోండ్రి. మధ్యల జర రోడ్డు గూడ ఉంచుండ్రి, పిల్లలు నడుస్తరు!”

నవ్వులతో లొల్లి చల్లారింది. చివరికి బడి గేటు దగ్గరే అని ఖాయం చేసుకుని లేచారు. మా ఆయన మాత్రం గ్లాసు పట్టుకుని అక్కడే కూర్చున్నాడు.

ఆదివారం బడికి సెలవు. టీచరమ్మ సంతోష్‌నగర్‌లో. అజ్మత్ భాయ్ బార్కస్‌లో చుట్టాల పెళ్ళికి పోయాడు. ఆ రోజే బీరయ్య మేస్త్రీ కాంక్రీటు తెస్తానన్నాడట. పొద్దున్నే మా ఆయన వంటింట్లోకి వచ్చి బగారన్నం చేయమన్నాడు, కోడికూర కూడా.

“ఎవరొస్తున్నరు?”

“పనోళ్ళకు. పాపం, ఎండల పని జేస్తరు.”

“నువ్వా? దుకాణంల పనిచేసే పిల్లలకు చాయ్ పొయ్యాల్నంటెనే సగం గ్లాసు అంటవ్!”

“పుణ్యం సుశీలా, పుణ్యం,” అన్నాడు. ఏమో, వయసు మీద పడుతుంటే మనిషి మారుతున్నాడేమో అనుకుని నేను కూడా నెయ్యి ధారాళంగా వేశాను.

మా దుకాణం మెట్ల మీదే వాళ్ళందరికీ విస్తళ్ళు వేసి, కొసరి కొసరి వడ్డించాడు. బీరయ్య చెయ్యి కడుక్కుని, “ఇగ ఏడ పొయ్యాలె సేటు?” అని అడిగాడు. మా ఆయన చెప్పు విడిచి, కాలి బొటనవేలితో మా మెట్ల ముందు గీత గీశాడు.

“గీడనే.”

“బడి కాడ అన్నరు గద?”

“అరె బీరయ్యా, బండి గేటు కాడికొచ్చినంక స్లో అయితే ఏం ఫాయిదా? అంతకుముందే స్లో గావాలె. జర దిట్టంగ పొయ్యి.”

ఆ మాట ఎంత ఒప్పుగా అన్నాడంటే, పైనుంచి వింటున్న నాకే ఒక నిమిషం నిజమేనేమో అనిపించింది. బీరయ్యకు కడుపు నిండింది. అన్నం పెట్టిన మనిషి మాట కాదనే అలవాటు ఆ పనివాళ్ళకు లేదు. దిట్టంగానే పోశారు. తెల్ల గీతలు లేవు, ముందర బోర్డు లేదు. రోడ్డుకు అడ్డంగా ఒక పిట్టగోడ.

మర్నాడు మొదటి స్కూటర్ దాని మీదికెక్కి దభీమని దిగింది. మా బిందెలన్నీ ఒక్కసారి గణగణమన్నాయి. స్కూటరాయన నడుము పట్టుకుని పోసినవాణ్ణి తిట్టుకుంటూ పక్కకు చూశాడు. పక్కన తళతళలాడుతూ మా దుకాణం. “రండి సార్, జర మంచినీళ్ళు తాగండి,” అని మా ఆయన లేచి నిలబడ్డాడు. నీళ్ళు తాగినాయన ప్రెషర్ కుక్కర్ కొనుక్కుని పోయాడు.

ఆ రోజు నుంచీ మా దుకాణం కళే మారిపోయింది. ఒకావిడ అయితే బండి ఎగిరి టిఫిన్ క్యారియర్ కిందపడి సొట్టపోయిందని, ఏడుపు మొహంతో లోపలికొచ్చి కొత్తది కొనుక్కుంది. సొట్టపోవడానికీ కొత్తది అమ్మడానికీ కారణం ఒక్కరేనని ఆవిడకేం తెలుసు! మా ఆయన పైగా దాన్ని కాగితంలో చుట్టి, “జాగ్రత్తమ్మా, రోడ్లు మంచిగ లేవు,” అని చెప్పి మరీ పంపాడు.

బార్కస్ నుంచి తిరిగొచ్చిన అజ్మత్ భాయ్ మా మెట్ల ముందు నిలబడి బ్రేకర్‌ను చూశాడు, మా ఆయనను చూశాడు, మళ్ళీ బ్రేకర్‌ను చూశాడు.

“వాహ్ కైలాసం భాయ్. నేను లేని టైంల బడి నడుచుకుంట నీ దుకాణం ముందలికి వచ్చిందా?”

మా ఆయనకు ఆ పూట హఠాత్తుగా బకెట్లు తుడవాల్సిన పని పడింది.

నాకూ మొదట్లో నవ్వే వచ్చింది. కానీ బాల్కనీలోంచి చూస్తుంటే ఒక సంగతి మెల్లగా తెలిసొచ్చింది. బండి మా ముందు ఆగినట్టే ఆగుతుంది. దిగగానే తోలేవాడికి మండుకొస్తుంది. పోయిన వేగమంతా ఒక్కసారే రాబట్టుకోవాలని చెయ్యి తిప్పుతాడు. బడి గేటు దగ్గరికి వచ్చేసరికి బాణంలా పోతుంటాడు. బ్రేకర్ లేనప్పుడే నయం.

“ఏమయ్యా, జర బయటికొచ్చి చూడు,” అన్నాను. “నీ బ్రేకర్ దాటంగనే బండ్లు ఎట్ల ఉరుకుతున్నయో! సరిగ్గ గేటు కాడ!”

“ట్రాఫిక్ సంగతి నీకేం తెలుసు?”

“నీకు తెలుసా? జిందగీల సైకిల్ తప్ప తొక్కలే!”

“గిరాకీ ఉంది సుశీలా, తర్వాత మాట్లాడుదాం.” ఆ తర్వాత అనేది ఎప్పుడూ రాలేదు. రోజూ చెప్పాను. అరిచాను. ఒకరోజు కూరలో ఉప్పు వేయకుండా కూడా పెట్టాను. కిమ్మనకుండా తిని దుకాణంలోకి దిగిపోయాడు.

ఇక్కడ ఈ కథ జరుగుతుంటే, పాపం మైథిలి టీచర్ వేరే లోకంలో ఉంది. బ్రేకర్ కాస్త ఎడంగా పడిందేమిటా అని ఆవిడకు అనుమానం వచ్చిందట. కైలాసం గారు ముందూ వెనకా ఆలోచించే వేయించి ఉంటారు, మనకేం తెలుసు అనుకుందట! బడిలో రోడ్డు భద్రత రోజు జరుపుతూ, మా ఆయనకు శాలువా కప్పి సన్మానం చేస్తామని కబురు పంపింది. తండ్రి గురించి స్రవ్య నాలుగు మాటలు చెప్పాలట.

ఇక చూడండి, మా పిల్ల నేల మీద నడవలేదు. అన్నం తింటూ అదే వల్లింపు. “మా డాడీ దుకాణం పని వదులుకొని, మా కోసం ఎండలో నిలబడి, స్పీడ్ బ్రేకర్ వేయించారు. మా డాడీ మా అందరికీ డాడీ లాంటివారు...”

మా ఆయన తలెత్తలేదు. పెరుగన్నంలో ఏదో పోగొట్టుకున్నట్టు కలుపుతూనే ఉన్నాడు. పిల్ల చెయ్యి కడుక్కోవడానికి లేవగానే నేను గొంతు తగ్గించాను.

“చెప్పు దానికి. లేకుంటే శాలువా వద్దని టీచరమ్మకు చెప్పు.”

“చిన్న పిల్ల. సంతోషపడనియ్యి.”

“దాని సంతోషమా, నీ శాలువానా?”

కంచంలోనే చెయ్యి కడిగేసుకుని లేచాడు. ఆ రోజు నిజంగానే నాకు ఆయన మీద అసహ్యం వేసింది. భర్తను అలా అనకూడదంటారు. నేనంటాను.

సన్మానం రోజున ఇస్త్రీ చొక్కా వేసుకుని వేదిక మీద కూర్చున్నాడు. ఎర్ర శాలువా, బంతిపూల దండ. మా స్రవ్య మైకు దగ్గర ఒక్క మాట తడబడకుండా అంతా చెప్పింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. అందరికంటే గట్టిగా ముందు వరసలో అజ్మత్ భాయ్ కొట్టాడు, మా ఆయన వైపే చూస్తూ. మా ఆయన చెమట తుడుచుకుంటూ ఆ కొత్త శాలువానే తడిపేశాడు.

అయిపోయాక బయలుదేరాం. శాలువా నాకియ్యి అని తండ్రి దగ్గర లాక్కుని స్రవ్య తన భుజాల మీద కప్పుకుంది. సగం నేల మీద జీరాడుతోంది. దోస్తులకు చూపిస్తూ, వెనక్కి తిరిగి నవ్వుతూ గేటు దాటింది. మా ఆయన దాని వెనకే ఉన్నాడు. నేను టీచరమ్మతో మాట్లాడుతూ కొంచెం వెనకబడ్డాను.

అవతల మా దుకాణం ముందు ఏదో దభీమంది. బిందెలు గణగణమన్నాయి. ఆ వెంటనే ఇంజన్ గర్జించిన చప్పుడు. నేను తల తిప్పేసరికి షేరింగ్ ఆటో పిల్ల మీదికే వస్తోంది.

మా ఆయన ఎలా అందుకున్నాడో తెలియదు. పిల్ల రెక్క పట్టుకుని వెనక్కి గుంజాడు. ఇద్దరూ వెల్లకిలా పడ్డారు. ఆటో పక్క రాడ్‌కు శాలువా కొస తగులుకుని, పిల్ల భుజాల మీంచి సర్రున ఊడి, ఎగురుకుంటూ గల్లీ చివరి దాకా దానితోపాటే పోయింది. ఆటోవాడు వెనక్కి కూడా చూడలేదు.

పోతే పోనీ శాలువా. పిల్ల ఉంది. నేను దాన్ని ఒళ్ళంతా తడిమి తడిమి చూశాను. మోచెయ్యి గీరుకుపోయింది, అంతే. మా ఆయన రోడ్డు మీదే కూర్చుండిపోయాడు, మెళ్ళో బంతిపూల దండతో.

మైథిలి టీచర్ పరుగెత్తుకొచ్చింది. “మీ బ్రేకర్ అయినా ఉంది కాబట్టి సరిపోయిందండీ కైలాసం గారూ. అది కూడా లేకపోతే ఈ పిల్ల ఏమైపోయేదండీ!”

స్రవ్య వెక్కుతూ తండ్రి మొహంలోకి చూసింది.

“డాడీ, నువ్వు మా కోసం బ్రేకర్ ఏసినవ్ గద? మరి ఆటో ఎందుకు ఆగలే?”

చుట్టూ పిల్లలు, టీచర్లు, దుకాణాలవాళ్ళు. అబద్ధం చెప్పడానికి ఎన్ని దారులున్నాయో! ఆటోవాణ్ణి తిట్టొచ్చు. రోడ్డు తవ్వినవాళ్ళను తిట్టొచ్చు. వాళ్ళందరూ ఆయన పక్షానే తిట్టేవారు.

“అది మీ కోసం ఏయలే బిడ్డా,” అన్నాడు. గొంతు నాకే సరిగ్గా వినబడలేదు. “గీడ ఏస్తనని టీచరమ్మకు మాటిచ్చి, దుకాణం ముందల పోయించిన. గిరాకీ కోసం. అది దాటి వస్తేనే బండ్లు గిట్ల ఉరుకుతున్నయి. మీ అమ్మ రోజూ చెప్పింది. నేనే ఇనలే.”

మైథిలి టీచర్ నోరు తెరిచి మూసుకుంది. ఈసారి ‘అండీ’ కూడా రాలేదు. స్రవ్య తండ్రి చేతిలోంచి తన చెయ్యి తీసేసుకుని నా కొంగు పట్టుకుంది.

అజ్మత్ భాయ్ ముందుకొచ్చాడు. ఎగతాళి చేస్తాడేమోనని నాకు ఒళ్ళు మండింది. చెయ్యలేదు. వంగి మా ఆయన చంక కింద చెయ్యి వేసి లేపాడు.

“ఉఠో భాయ్. నాకు దెల్వదా? నేను గూడ నా చెప్పుల కోసమే గీడ పడాలన్న. నాది పిల్లల ఫికర్ గాదు. చల్, దాన్ని పగలగొడదాం.”

సరిగ్గా గిరాకీ వచ్చే సాయంత్రం వేళ మా దుకాణం షట్టర్ దించడం నా కాపురంలో అదే మొదటిసారి. మా ఆయన గడ్డపార పట్టుకున్నాడు. గల్లా పెట్టె కంటే బరువైనది ఎత్తి ఎరగని మనిషి. నాలుగు దెబ్బలకే అరచేతులు బొబ్బలెక్కాయి. అజ్మత్ భాయ్ ఇంకో గడ్డపార తెచ్చాడు. మ్యాచింగ్ సెంటర్ ఆయన పెళ్ళలు ఎత్తిపోశాడు. బీరయ్య వచ్చి చూసి తల కొట్టుకున్నాడు.

“దిట్టంగ పొయ్యమంటిరి, గిప్పుడు మిషను లేకుంట పగుల్తదా సేటు!” మిషను తెప్పించి చదును చేయించాడు. ఇంకో లోడు కాంక్రీటు రాగానే గేటు దగ్గర పోస్తానన్నాడు. టీచరమ్మ దగ్గరుండి చూసుకుంటానంది. తెల్ల గీతలు ఆవిడే గీయిస్తుందట, ముందర బోర్డు కూడా ఆవిడే పెట్టిస్తుందట. మా ఆయన మాట మీద ఇంక ఏదీ వదలదలుచుకోలేదు, పాపం ఆవిడ తప్పేముంది.

స్రవ్య ఆ సాయంత్రం తండ్రితో మాట్లాడలేదు. అన్నం నా పక్కన కూర్చుని తింది. నీళ్ళ గ్లాసు ఆయన అందిస్తే తీసుకోలేదు, లేచిపోయి తనే ముంచుకుంది. తిట్టినా ఆయనకు అంత బాధ ఉండేది కాదు. రాత్రంతా అటూ ఇటూ దొర్లాడు. నేనూ జాలిపడి పలకరించలేదు.

పొద్దున బడి వేళకు దుకాణం తెరవకుండా మా ఆయన ఒక పెద్ద స్టీలు తాంబాళం, గరిటె పట్టుకుని బడి గేటు ముందు రోడ్డు మధ్యలో నిలబడ్డాడు. బండి కనబడితే చాలు, టంగు టంగుమని తాంబాళం కొట్టడమే. “రుకో! పిల్లలు, పిల్లలు!” అని అరుపులు. ఆటోవాళ్ళు తిడుతున్నారు, నవ్వుతున్నారు, ఏం చేస్తారు, ఆగుతున్నారు. శాలిబండలో పెద్ద సేటునని తిరిగే మనిషి, బొబ్బలెక్కిన చేతులకు గుడ్డ చుట్టుకుని, అమ్మకానికి పెట్టిన తాంబాళాన్ని సొట్టలు పడేలా కొడుతున్నాడు.

స్రవ్య, నేను రోడ్డు అంచుకు వచ్చాం. ఆయన తాంబాళం చంకలో పెట్టుకుని పిల్ల వైపు చెయ్యి చాపాడు. అది ఆ చెయ్యి పట్టుకోలేదు. బడిలో నేర్పినట్టు కుడివైపు చూసింది, ఎడమవైపు చూసింది, మళ్ళీ కుడివైపు చూసింది. ఒక్కతే నడిచి గేటు దాకా పోయింది. చాచిన చెయ్యి అలాగే గాలిలో ఉండిపోయింది. నాకు కోపమంతా ఎటు పోయిందో, ఆయనను చూస్తుంటే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

గేటు లోపలికి ఒక కాలు పెట్టిన పిల్ల ఆగి, వెనక్కి తిరిగింది.

“డాడీ, రోడ్డు నడుమ నిలబడకు. బండ్లొస్తయి. పక్కకు జరుగు.”

ఆయన జరిగాడు. అది ఇంకా చూస్తూనే ఉంది.

“ఇంకా జరుగు,” అంది.